నోయెమీ చెంప మీది నీడ

"ఎవరు పూశారు దీనికి?"

బావ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో నోయెమీ బొమ్మ ఫ్రేము పట్టుకున్నాడు. కిటికీలోంచి పొద్దుటి వెలుగు సరిగ్గా బొమ్మ మీదే పడి తళతళలాడుతోంది. పిల్ల ముఖం కనిపించడం లేదు, మెరుపు తప్ప.

అక్క ఉల్లికాడలు తరుగుతోంది. తల ఎత్తలేదు. నేను రొట్టె కోస్తున్నాను. నేనూ ఎత్తలేదు.

"మిమ్మల్నే అడుగుతున్నది! ఇంట్లో ఉన్నది మీరిద్దరే. పిల్లి పూసిందా?"

"పిల్లికి కుంచె పట్టడం ఇంకా రాలేదు బావా," అన్నాను.

భయమేస్తే నాకు నోరు పెద్దదవుతుంది. యాభై నాలుగేళ్ళొచ్చినా ఈ జబ్బు వదల్లేదు.

"నువ్వు ఊరుకో యూలాలీ. క్లెమాన్స్, నిన్నే. ఈ వార్నిష్ ఎవరు పూశారు?"

"గేరూ పూశాడు," అంది అక్క. "పొంత్వాజ్‌లో ఫ్రేములు కట్టే గేరూ. మంగళవారం నువ్వు ప్యారిస్ వెళ్ళినప్పుడు తీసుకెళ్ళి పూయించుకొచ్చాం. నేనే పూయించాను."

"నేనే" అన్నప్పుడు నా వైపు చూడలేదు. ఆలోచన నాది. బొమ్మను దుప్పట్ల బీరువాలో దాచితే బావ గంటలో వెతికి పట్టుకున్నాడని అక్క ఏడుస్తుంటే, వార్నిష్ పూయిద్దామే అని చెప్పింది నేను. వార్నిష్ అంటే ఆయనకు ఒళ్ళు మంట. అది ఉన్నదాని మీద కుంచె పెట్టడు. పెట్టినా రంగు నిలవదు.

"ఎందుకు పూయించావు?"

"నువ్వు దాని జోలికి పోకుండా."

బావ బొమ్మను బల్ల మీద నిలబెట్టాడు. గోడకు ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి, తల అటూ ఇటూ వంచి చూశాడు. ఎటు నుంచి చూసినా మెరుపే.

"పాతికేళ్ళుగా నా బొమ్మ దేనికీ ఈ దరిద్రం తగలనివ్వలేదు. ఇవాళ నా ఇంట్లో, నా పెళ్ళాం..."

"నీ బొమ్మలకు కదా. ఇది నాది."

"వేసింది నేను!"

"కన్నది నేను."

అక్క మళ్ళీ ఉల్లికాడల మీద పడింది. అవి ఎప్పుడో తరగడం అయిపోయాయి. తరిగినవాటినే మళ్ళీ తరుగుతోంది.

గొడవంతా శనివారం గురించే. శనివారం బొమ్మల వ్యాపారి మస్యే బరదూక్ ప్యారిస్ నుంచి బండి తీసుకుని వస్తాడు. బావ చేసిన నలభై ఏళ్ళ పనిలోంచి ముప్పై బొమ్మలు ఏరి, వేసిన వరసలో తన దుకాణంలో ఒకే గోడకు తగిలిస్తాడట. ఆ గోడ వెంట నడిచినవాడికి మా బావ అన్సెల్మ్ కోర్బియే చెయ్యి ఎలా మారుతూ వచ్చిందో అర్థం కావాలట. అందులో మొట్టమొదటిది మా నోయెమీ కావాలన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచీ బావకు ఒకటే పట్టు. పంపేదయితే సరిచేసి పంపుతాను అని.

ఆయన సరిచేయడం ఎలా ఉంటుందో మాకు తెలుసు. మూడేళ్ళ కిందట డాక్టర్ ఫూర్నెల్ ఇంటికి భోజనానికి వెళ్ళి, ఎప్పుడో తాను వేసిచ్చిన పడవల బొమ్మను గోడ మీద చూసి, "ఆ మూల కాస్త సరిచేసి రెండు రోజుల్లో ఇచ్చేస్తాను డాక్టరుగారూ" అని చంకన పెట్టుకొచ్చాడు. రెండు రోజులు ఎనిమిది నెలలయ్యాయి. బొమ్మ తిరిగి వెళ్ళినప్పుడు అందులో పొగమంచు ఉంది. పడవలు లేవు. డాక్టరు భార్య అప్పటి నుంచీ మా గుమ్మం తొక్కలేదు.

"క్లెమాన్స్," అన్నాడు బావ. గొంతు తగ్గించాడు. అరిచినప్పటి కంటే అదే నాకు భయమేసింది. "ఆ రోజు గుర్తుందా నీకు? మంచు కురిసి ఆగింది. ఇదే కిటికీ. పిల్ల ఇక్కడ కూర్చుని చెస్ట్‌నట్లు ఒలుచుకుంటోంది. బయట మంచు మీది వెలుగు లోపలికొచ్చి చెంప మీద పడింది. నీలంగా. అంచున ఊదాగా. నేను కళ్ళారా చూశాను. చూసి ఏం చేశాను? నీడంటే గోధుమరంగేరా అని మా గురువు చెప్పాడని, సీసాలోంచి ఆ తారు రంగు తీసి పిల్ల చెంపకు పులిమాను. సొంత బిడ్డ ముఖం మీద అబద్ధం వేశాను."

"ముప్పై అయిదేళ్ళుగా ఆ నీడతోనే చూస్తున్నాను దాన్ని. నీకు అబద్ధమేమో. నాకు నా పిల్ల."

"నిజంగా ఎలా ఉండేదో చూపిస్తానంటున్నాను కదా!"

"నాకొద్దు."

"ఒక్క చెంపే."

"డాక్టరుగారి పడవలప్పుడూ ఒక్క మూలే అన్నావు."

బావ టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు వేయలేదు. అక్క వెళ్ళి బొమ్మను తీసి, దాని మేకుకు దాన్ని తగిలించి, పైటకొంగులా వేలాడుతున్న వంటగుడ్డతో ఫ్రేము మీది బావ వేలిముద్రలు తుడిచింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరికీ మధ్య నేను తపాలా బంట్రోతునయ్యాను.

"యూలాలీ, ఉప్పు ఇటు ఇమ్మని మీ అక్కతో చెప్పు."

ఉప్పు అక్క మోచేతి పక్కనే ఉంది. బావ కాస్త చెయ్యి చాస్తే అందుతుంది.

"ఉప్పు కావాలటే అక్కా."

"ఉప్పు కూడా మెరుస్తుంది, ఆయనకు పడదేమోనని చెప్పు."

"బావా, అక్క ఏమంటుందంటే..."

"విన్నాను. నాకు చెవుడు లేదు."

"చెవుడు లేదటే అక్కా."

"నిన్ను మధ్యలో వెక్కిరించమనలేదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ రోజంతా వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.

మర్నాడు ఏటి రేవులో దుప్పట్లు ఉతుకుతూ అక్కను అడిగాను. అడగకూడదని తెలుసు. అయినా అడిగాను.

"ఎందుకే అంత పంతం? నీ మనసులో లేదూ పిల్ల? బొమ్మలో ఒక చెంప మారితే మాత్రం ఏం పోతుంది?"

అక్క పిండుతున్న దుప్పటి వదలకుండా అలాగే వంగి ఉండిపోయింది.

"మొదట్లో ఉండేది మనసులో. పరిగెత్తేది, అలిగేది, ఆవులించేది. ఏళ్ళ తరబడి ఆ బొమ్మనే చూసి చూసి అదంతా పోయిందే. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా బొమ్మే వస్తుంది. కదలకుండా, చెంప మీద నీడతో సహా. అది మారిస్తే ఇక నా దగ్గర ఏముంది చెప్పు?"

నోయెమీ పుట్టినప్పుడు అక్కకు సాయం చేద్దామని ఈ ఇంటికి వచ్చి మళ్ళీ వెళ్ళనిదాన్ని నేను. ఆరేళ్ళు ఎత్తుకు తిప్పాను. కంఠసర్పి వచ్చి నాలుగు రోజుల్లో పోయింది పిల్ల. ఫోటో అయినా లేదు. వచ్చే ఆదివారం తీయిద్దాం అని ఎన్ని ఆదివారాలు అనుకున్నామో.

నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం పిండాము.

శనివారం మస్యే బరదూక్ పదిగంటలకే దిగాడు. మనిషి పొట్టి, మాట పొడుగు. కాఫీ అయినా తాగకుండా బొమ్మలన్నీ పెరట్లోకి మోయించి, కోళ్ళగూటి పక్క నుంచి బావి దాకా గోడకు వరసగా ఆనించాడు. వరస తప్పినప్పుడల్లా బావను అడిగి ఇటుది అటు మార్చాడు. కోళ్ళు వాటి మధ్య తిరుగుతుంటే వాటి వెంట పరిగెత్తాడు.

ముప్పై బొమ్మలు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. ఒక్కొక్కటిగా చూశాను, దుమ్ము దులిపాను, కొన్నింటి మీద పడి విరగ్గొట్టబోయాను కూడా. వరసగా చూడటం వేరు. నాకు కళ గురించి ఏం తెలుసు గనుక? ఆయన పని చొక్కాలు ఉతికేదాన్ని. ఏ కాలంలో ఏ రంగు వదిలేదో మాత్రం చెప్పగలను.

మొదటివి తారు రోజులు. నోయెమీ, ఒక రాగి గిన్నె, చచ్చిన కుందేలు. ఆ చొక్కాలు ఉతికితే ఏటి నీళ్ళు నల్లగా పారేవి. పక్క రాతి మీద ఉతుక్కునేవాళ్ళు నన్ను తిట్టిపోసేవాళ్ళు. బొమ్మలు కూడా అంతే, మూలల్లో చీకటి, మధ్యలో కాస్త వెలుగు.

తరవాత పిల్ల పోయింది. ఆయన పని గదిలోకి వెళ్ళలేకపోయాడు. రంగుల గొట్టాలు పెట్టెలో వేసుకుని ఏటి ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. నల్లరంగు గొట్టం ఏట్లోకి విసిరేశాడు. వరద నీళ్ళు, ఆరేసిన బట్టలు, బార్లీ చేలు, అన్నీ చిన్న చిన్న గీతలుగా, ముక్కలు ముక్కలుగా వేశాడు. ఆ చొక్కాలు ఉతికితే నీలిమందు కలిపినట్టు ఉండేది. పత్రికలవాళ్ళు ఇంప్రెషనిస్టులని వెక్కిరించి, ఆ తరవాత మెచ్చుకుని, ఆరుబయట వెలుగు గురించి సిద్ధాంతాలు రాశారు. నాకు తెలిసింది ఒక్కటే. ఆయనకు ఇంట్లో ఊపిరాడలేదు.

ఆ పక్కనివి చుక్కల రోజులు. ప్యారిస్ కుర్రవాళ్ళెవరో చెప్పారని నాలుగేళ్ళు చుక్కలే చుక్కలు. ఆపిల్ చెట్టు మొదలుపెట్టినప్పుడు పూత మీద ఉంది. బొమ్మ ముగించేసరికి కాయలు కోసి, పిండి, సైడర్ పీపాల్లోకి కూడా ఎత్తేశాము. చొక్కాలు మాత్రం శుభ్రంగా ఉండేవి, అదొక సుఖం. ఆ తరవాత చుక్కలంటే విసుగొచ్చింది. ఒకే ఆనకట్టను పొద్దున, మధ్యాహ్నం, వానలో, ఎండలో వేస్తూ పోయాడు, రంగు వేలిమందంలో పట్టించి. చివరివి ఈ అయిదారేళ్ళవి. పలచగా, తెల్లగా, ఏది ఒడ్డో ఏది నీళ్ళో తెలియకుండా.

"ముప్పైలో ఒక్క ముఖమే ఉంది," అంది అక్క.

నా పక్కకు ఎప్పుడు వచ్చిందో. నేను మళ్ళీ మొదటి నుంచి చూశాను. నిజమే. మొదట పిల్ల ముఖం బొమ్మంతా ఉంది. ఏటి ఒడ్డు బొమ్మల్లో మనుషులు బొటనవేలంత. చుక్కల్లో ఒక టోపీ. ఆనకట్ట మీద ఒక గీత, మనిషో కొయ్యో. చివరి అయిదింటిలో ఎవరూ లేరు.

బావ కూడా విన్నట్టున్నాడు. వరస చివర నిలబడినవాడు మెల్లిగా వెనక్కి నడుచుకుంటూ మొదటి బొమ్మ దగ్గరికి వచ్చి ఆగాడు.

"అద్భుతం!" అన్నాడు మస్యే బరదూక్ చేతులు రుద్దుకుంటూ. "వార్నిష్ పూయించారే! మంచి పని చేశారు మదామ్. ఇదీ నిచ్చెనంటే. ఇక్కడ ఎక్కడం మొదలుపెట్టి అక్కడ మబ్బుల్లోకి! జనం ముందు ఈ బురద చూడాలి, అప్పుడే ఆ వెలుగు విలువ తెలుస్తుంది. ఇది మన మొదటి మెట్టు."

"ఏమన్నారు?" అన్నాడు బావ.

"మెట్టు అన్నాను."

"దానికి ముందు."

"బురద... ఆ రంగును మస్యే, పిల్లను కాదు! మీరే కదా పోయిన వారం నా దుకాణంలో అన్నారు, బురద పూశానని."

"నేనంటాను. నా బిడ్డ. మీరనకూడదు."

"అయ్యో, దానికేముంది..."

"మెట్టట! జనం దాని మీద కాలు పెట్టి ఎక్కాలట! క్లెమాన్స్, విన్నావా?"

"విన్నాను," అంది అక్క. అప్పటికే బొమ్మ అందుకుని గుండెకు హత్తుకుంది. "ఇది ఎక్కడికీ రాదు మస్యే. రాగి గిన్నెతో మొదలుపెట్టుకోండి."

"మస్యే కోర్బియే, ఆవిడకు చెప్పండి, ఇది లేకపోతే గోడకు తల ఉండదు!"

"మా ఆవిడ రాదని చెప్పిందిగా," అన్నాడు బావ.

నాకు ఏడుపొచ్చింది. నాలుగు రోజుల తరవాత ఇద్దరూ ఒక్క పక్కన నిలబడ్డారు. కుందేలు మాంసం వండి పెట్టినా బరదూక్ ముఖం విచ్చుకోలేదు. ఇరవై తొమ్మిది బొమ్మలు బండికెక్కించుకుని, రెండు గంటలకు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగాక వంటింట్లో ముగ్గురమే మిగిలాం. బొమ్మ మళ్ళీ మేకుకు ఎక్కింది. అక్క దాని కింద కుర్చీలో కూర్చుంది. బావ ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఇద్దరి మధ్య ఉత్తరాలు మోసే పని ఇక నాకు లేదని గిన్నెలు కడుగుతున్నాను.

"కనబడటం లేదు," అన్నాడు బావ కాసేపటికి. ఫిర్యాదులా అనలేదు.

"ఏది?"

"పిల్ల. ఈ మెరుపులో. ఇలా వంగితే నుదురు కనిపిస్తుంది, అలా వంగితే గౌను కనిపిస్తుంది. అంతా ఒక్కసారి కనబడటం లేదు."

అక్క కూడా వంగి చూసింది. నాలుగు రోజులుగా ఆవిడా అలాగే వంగి వంగి చూడటం నేను గమనిస్తూనే ఉన్నాను. పొద్దున్నే లేచి బొమ్మకు పలకరింపు చెప్పేటప్పుడు మెడ పక్కకు వాలుస్తోంది.

"నాకూ అంతే," అంది.

"ఇప్పుడు వార్నిష్ పచ్చిగానే ఉంది. ఇంకో నెల పోతే రాయి అవుతుంది. ఏడాదికి పసుపెక్కుతుంది. ఇప్పుడైతే టర్పెంటైన్‌తో ఇట్టే వచ్చేస్తుంది."

అక్క మెడ పక్కకు వాల్చి మళ్ళీ బొమ్మ చూసింది.

"వార్నిష్ ఒక్కటే తీస్తాను. రంగు ముట్టుకోను."

"ముట్టుకోవు కదా?"

"కుంచె ఈ గదిలోకే తీసుకురాను."

"ఒట్టు పెట్టు."

"నోయెమీ మీద ఒట్టు."

అక్క ఆయన ముఖంలోకి చూసింది. లేచి, బొమ్మ దించి, తన చేతులతోనే బల్ల మీద పడుకోబెట్టింది. "యూలాలీ, పాత దుప్పటి ఏదైనా చింపు. మెత్తటిది," అంది.

నా చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకుని, గుడ్డ చింపి ముక్కలు చేసి ఇచ్చాను. అక్క టర్పెంటైన్ గిన్నె పట్టుకుంది. బయట మంచి ఎండ. కిటికీ రెండు రెక్కలూ తెరిచాను.

బావ మూల నుంచి మొదలుపెట్టాడు. బొమ్మలో పిల్ల ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంటుంది, అక్కడ. గుండ్రంగా, మెల్లిగా, పసిబిడ్డ మూతి తుడిచినట్టు తుడిచాడు. మెరుపు పోయింది. కింద తెల్లరంగు చెక్కుచెదరకుండా బయటపడింది. గుడ్డ కూడా శుభ్రంగానే వచ్చింది.

"చూశావా?" అన్నాడు.

"చూశాను," అంది అక్క. నవ్వింది కూడా.

గౌను అయింది. చెస్ట్‌నట్లు పట్టుకున్న చేతులు అయ్యాయి. వెలుగు పడిన కుడి చెంప అయింది. వాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఆ బల్ల మీద వంగి ఉంటే, ముప్పై అయిదేళ్ళ కిందట పిల్లకు స్నానం పోయించినప్పుడు ఇలాగే ఉండేవాళ్ళు అనిపించింది నాకు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి గుడ్డ గోధుమరంగుకు తిరిగింది.

బావ గుడ్డ ఎత్తి చూశాడు. "మసి," అన్నాడు.

"ఉండదూ మరి? పొయ్యి ఎదురుగానే కదా తగిలించింది," అంది అక్క. "ముప్పై అయిదేళ్ళ పొగ! నా తల్లి ఎంత మసి మధ్య కూర్చుందో చూడు. తుడువు, ఇంకా తుడువు."

నేను కొత్త గుడ్డ ఇచ్చాను. అదీ గోధుమరంగయింది. ఇంకోటి ఇచ్చాను.

"ఎంత వస్తోందో! తుడువు అన్సెల్మ్, పాపం."

బావ చెయ్యి ఆగిపోయింది.

ఆయన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను ఎదురుగా ఉండి చూశాను.

"ఏమైంది?" అంది అక్క.

"తారు."

"ఏ తారు?"

"అది మసి కాదు. రంగు. తారు రంగు... అది ఆరదు క్లెమాన్స్. పైకి ఆరినట్టుంటుంది. లోపల ఎన్నేళ్ళయినా ఆరదు. గేరూ పూసిన వార్నిష్‌లోనూ టర్పెంటైనే. నాలుగు రోజులుగా కింద నానుతోంది. నాకు తెలుసు. నాకు తెలియాలి. కుర్రప్పుడు ఆ రంగు నా చేత్తోనే కాచాను..."

అక్క గిన్నె పక్కన పెట్టి, ఆయన భుజం నెట్టి ముందుకు వంగింది. నేనూ వంగాను.

కుడి చెంప ఉంది. కుడి కన్ను ఉంది. ముక్కు సగం ఉంది. ఆ పక్కన రంగు లేచిపోయి, అడుగున గోనెగుడ్డలాంటి నేత, పోగు పోగూ లెక్కపెట్టేలా, మధ్యలో ఒక మరక. ఎడమ కన్ను ఉండే చోట అక్క చూపుడువేలు పెట్టింది. వేలు తీసి చూసుకుంది. వేలికి గోధుమరంగు అంటింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బావ జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోలేదు. నన్ను అన్నా బాగుండేది, వార్నిష్ మాట ఎత్తింది నేనే కదా.

"తుడువు తుడువు అన్నాను," అంది. "నేనే అన్నాను."

"నువ్వు కాదు. నేను..."

"నేనే అన్నాను."

గిన్నెలో నుంచి టర్పెంటైన్ వాసన గదంతా పట్టేసింది. గుడ్డ ముక్కలు బల్ల మీద పడి ఉన్నాయి. ఆ మూడు గుడ్డల్లోనే ఉంది పిల్ల సగం ముఖం. వాటిని పారేయాలో దాచాలో నాకు తెలియలేదు. ముట్టుకోవడానికి కూడా భయమేసింది.

అక్క బయటికి వెళ్ళింది. బావ పని గదిలో అలికిడి వినిపించింది. తిరిగి వచ్చి రంగుల పెట్టె, కుంచెల కట్ట ఆయన ముందు పెట్టింది.

"వెయ్యి," అంది.

"క్లెమాన్స్..."

"ఒట్టు తీసేశాను. నీలం వేస్తావో, ఊదా వేస్తావో, నీ ఇష్టం. నేనేం అనను. నా పిల్ల చెంప, కన్ను నాకు వేసి ఇయ్యి. నువ్వు కళ్ళారా చూశానన్నావు కదా."

బావ పెట్టె తెరిచాడు. గొట్టాలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పేర్చాడు. నీలం పిండాడు, తెలుపు పిండాడు, కాస్త ఎరుపు కలిపాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నలభై ఏళ్ళ అలవాటు కదా. కుంచె కొనకు రంగు తీసుకుని బొమ్మ మీదికి తెచ్చాడు. అక్కడ ఆపాడు. బొమ్మకు ఇంకా వెంట్రుకవాసి దూరం ఉంది.



"ఇదే ఆ నీలం," అన్నాడు. "అచ్చం ఇదే. మంచు వెలుగు, అంచున ఊదా, కింద కొంచెం గులాబీ. ఈ రంగు నాకు నిన్న చూసినట్టుంది." కుంచెను ఆ ఖాళీ మీద అటూ ఇటూ తిప్పాడు. "కన్ను ఎక్కడుండేది? రెప్ప ఎలా వాలేది? రంగు గుర్తుంది క్లెమాన్స్. ముఖం గుర్తు లేదు."

అరవై ఆరేళ్ళ మనిషి, ప్యారిస్‌లో గోడ నిండా పేరున్న మనిషి, కుంచె పట్టుకుని చంటిపిల్లవాడిలా అక్క వైపు చూశాడు. అక్క కళ్ళు మూసుకుంది. గట్టిగా మూసుకుంది, ముఖమంతా ముడతలు పడేలా. పెదవులు ఏదో వెతుక్కుంటున్నట్టు కదిలాయి. కళ్ళు తెరిచింది. తల అడ్డంగా ఊపింది.

అప్పుడు ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నువ్వే కదే ఎత్తుకు తిప్పావు," అంది అక్క. "తల దువ్వావు, జడ వేశావు, అన్నం తినిపించావు. నీకు గుర్తుంది. గుర్తుంది కదూ యూలాలీ?"

నేను వెతికాను. దేవుడు సాక్షి, ఉన్న మూలలన్నీ వెతికాను. నా మెడ చుట్టూ చిన్న చేతులు గుర్తొచ్చాయి. "పిన్నీ" అని పిలుపు గుర్తొచ్చింది. తలలో నూనె వాసన గుర్తొచ్చింది. ముఖం కోసం చూస్తే బొమ్మ వచ్చింది. ఆ బొమ్మలో ఎడమ పక్క నేతగుడ్డ ఉంది.

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేలి మీది రంగు నా మణికట్టుకు అంటింది.

"గుర్తుంది," అన్నాను.

బావ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కుంచెను మళ్ళీ రంగులో ముంచి, బొమ్మ మీదికి వంగాడు.

"కన్ను దగ్గర మొదలుపెడదాం," అన్నాడు. "చెప్పు."